చదివి వినిపించాకే పేపరుకి

పొదిలిలో నన్నే సాహెబ్ అనే విలేకరిని తప్పించుకు తిరిగే పెద్దమనుషులు చాలామందే ఉన్నారు. ఆయన ఎవరినీ బెదిరించడు, ఎవరి దగ్గరా చెయ్యి చాపడు, గొంతు కూడా పెంచడు. చేసేదల్లా ఒక్కటే. ఎవరి మీద వార్త రాస్తే వాళ్ళ దగ్గరకు పోయి, ఎదురుగా కూర్చుని, కళ్ళజోడు తుడుచుకుని, మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి వినిపిస్తాడు. ఆ తరవాతే పేపరుకి పంపుతాడు. మెచ్చుకుంటూ రాసినా అంతే, దులిపేస్తూ రాసినా అంతే.

ఒకసారి ఓ ఆఫీసరు గారి మీద రాశాడు. పాసుపుస్తకాల కోసం రైతులు మెట్ల మీద ఎండలో నిలబడి ఉంటే, ఆయన లోపల కూలరు ముందు పావుగంట కునుకు తీశారని. రాసింది పట్టుకెళ్ళి ఆ ఆఫీసరు గారికే వినిపించాడు. ఆయన ముఖం కందగడ్డ అయిపోయింది. "ఇది వెయ్యడానికి వీల్లేదు" అని బల్ల గుద్దారు.

"ఇందులో అబద్ధం ఉంటే చెప్పండి సార్, కొట్టేస్తాను" అన్నాడు నన్నే సాహెబ్.

ఆఫీసరు గారు కాగితం తీసుకుని ఇటు తిప్పి అటు తిప్పి, చివరికి "పావుగంట కాదు, పది నిమిషాలే" అన్నారు. నన్నే సాహెబ్ పావుగంట కొట్టేసి పది నిమిషాలని రాసుకుని, "ఇప్పుడు సరిగ్గా ఉంది, థాంక్స్ సార్" అని లేచి వచ్చాడు. మర్నాడు పేపర్లో పది నిమిషాలనే వచ్చింది. ఊరంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వుకుంది.

ఆయనకు అరవై ఏడేళ్ళు. ముప్పై ఏళ్ళకు పైగా ఒక దినపత్రికకు పొదిలి విలేకరి. బతుకుతెరువు మాత్రం బస్టాండు వెనక సందులో పంపుల కొట్టు. పత్తికీ మిరపకీ మందు కొట్టే స్ప్రేయర్లు బాగుచేస్తాడు. పొద్దున వాషర్లు మారుస్తాడు, మధ్యాహ్నం వార్తలు రాస్తాడు. చేతులకు గ్రీజు ఎంత రుద్దినా పోదు కాబట్టి ఆయన పంపే కాగితాలకు ఓ మూల నల్లటి వేలిముద్ర ఉండేదట. ఇప్పుడు ఫోన్లో పంపుతున్నాడు గనక ఆ ముద్ర ఫోనుకే పరిమితమైంది.

ఈ సంగతులన్నీ చెప్పుకుని నవ్వేవాళ్ళలో అందరికంటే ఎక్కువ నవ్వింది నాగజ్యోతి. ఇరవై ఆరేళ్ళ పిల్ల, ఒంగోలులో డిగ్రీ చదివింది, మాట చురుకు, నడక ఇంకా చురుకు. ఒంగోలు నుంచి నడిచే ఒక యూట్యూబ్ న్యూస్ ఛానల్‌కి పొదిలి రిపోర్టరు. ఒక చేతిలో ఫోను, ఇంకో చేతిలో ఛానల్ ఎర్ర బొమ్మ తగిలించిన మైకు, అంతే ఆఫీసు. "సాహెబు తాత చదివి వినిపించేలోపు నేను మూడు వార్తలు వేసేస్తాను" అనేది. అది అబద్ధం కాదు కూడా. ఒక్కో రోజు నాలుగు వేసేది.

ఆమెకు నవ్వు ఆగిపోయిన రోజు ఏప్రిల్ రెండో వారంలో వచ్చింది.

మామిడికాయలు దిగే వేళ. ఆవకాయ కారానికి ఊళ్ళో ఆడవాళ్ళందరూ మిరపకాయలు ఎండబెట్టి, తొడిమలు తీసి, సంచుల్లో పోసుకుని ఖాజాబీ మిల్లుకు పోయేది అప్పుడే. భర్త పోయాక ఇరవై ఏళ్ళుగా ఆ కారం మిల్లు ఖాజాబీ ఒక్కతే నడుపుతోంది. నాగజ్యోతి వాళ్ళమ్మ ప్రేమమ్మ అక్కడ తప్ప ఇంకోచోట కారం పట్టించి ఎరగదు. ఆ మిల్లుకి ఏడాదంతా ఉండే పని ఒక ఎత్తు, ఈ నలభై రోజులూ ఒక ఎత్తు. ఈ నలభై రోజులు పోయాయంటే ఖాజాబీకి ఆ ఏడాది పోయినట్టే.

నాగజ్యోతి సరదాగానే వెళ్ళింది. పచ్చళ్ళ సీజన్ మొదలైందని చిన్న వీడియో చేద్దామని. ఖాజాబీ మొహమాటపడుతూనే మొదలెట్టి, ఆరు నిమిషాలు ఆపకుండా మాట్లాడింది. కాయ ఎండిందో లేదో విరిచి ఎలా చూడాలో చెప్పింది. ఏ కాయకు రంగు వస్తుందో, ఏ కాయకు ఘాటు వస్తుందో చెప్పింది. చివర్లో పచ్చడి కారం మీద నువ్వులనూనె వంపుతూ, "ఇది కొద్దిగా పోస్తే కారం పైకి లేచి కళ్ళల్లో పడదు, రంగు కూడా ఏడాది నిలబడుతుంది. మా అత్త పోసేది, నేనూ పోస్తన్నా. వద్దన్నోళ్ళకి పొయ్యను" అంది.

ఒంగోలు డెస్కు వాళ్ళకు నిమిషం దాటితే పనికిరాదు. నాగజ్యోతి బస్టాండులో కూర్చుని ఆరు నిమిషాల్ని నలభై సెకన్లకు కోసేసింది. ఎర్రటి కారం కుప్ప మీద నూనె ధార పడుతుంటే చూడ్డానికి భలే ఉంది, అది ఉంచింది. ఖాజాబీ మాటలు మరీ సాగుతున్నాయని తీసేసి, పాట ఒకటి తగిలించింది. ఒంగోలుకు పంపి, ఇంటికి పోయి అన్నం తింది.

సాయంత్రానికి ఆ నలభై సెకన్లు వేరే అవతారం ఎత్తాయి. పాట పోయి సైరన్ మోత వచ్చింది. నూనె ధార చుట్టూ ఎర్ర గీత గిర్రున తిరుగుతోంది. "మీరు తింటున్నది కారమా, విషమా?" అని ఒక గొంతు గర్జిస్తోంది. నొక్కకముందు కనిపించే బొమ్మ మీద ఊరి పేరు చీమంత, ఖాజాబీ పేరు మాత్రం ఇంతింత అక్షరాలతో. ఆ వీడియోకి ముందు ప్యాకెట్ కారం అడ్వర్టైజ్‌మెంటు ఒకటి వస్తోంది. అన్నిటికంటే చివర, "పొదిలి నుంచి నాగజ్యోతి."

ఆమెకు తల కొట్టేసినట్టయింది. ఒంగోలులో డెస్కు చూసే త్రినాథ్‌కి ఫోన్ చేసింది.

"సార్, అది కల్తీ కాదు సార్. నువ్వులనూనె. మా ఇంట్లో కారానికీ పోస్తారు."

"మనం కల్తీ అన్లేదమ్మా. విషమా అని అడిగాం. అడిగితే తప్పా?"

"మరి ఆమె పేరు అంత పెద్దగా ఎందుకేశారు సార్?"

"నువ్వు కొత్త నాగజ్యోతీ. ఆ పేరు లేకపోతే ఎవడు నొక్కుతాడు చెప్పు? నాలుగు లక్షల మంది చూశారు. నీ పేరు మీద ఇదే రికార్డు. ఎంజాయ్ చెయ్" అని పెట్టేశాడు.

ఆమె కింద కామెంట్లు చదివింది. కారం గురించి రాసినవాళ్ళు పది మంది ఉంటే, ఖాజాబీ మతం గురించి రాసినవాళ్ళు వంద మంది ఉన్నారు. ఎక్కడెక్కడి ఊళ్ళవాళ్ళో. వాళ్ళలో ఒక్కడూ పొదిలి బస్సెక్కి ఉండడు. నాగజ్యోతి ఫోను బోర్లా పెట్టి కూర్చుంది.

రెండో రోజు ఆహార తనిఖీ వాళ్ళు జీపులో వచ్చి శాంపిలు తీసుకుపోయారు. ఫలితానికి పద్నాలుగు రోజులన్నారు. మిల్లుకు వాళ్ళు తాళం వెయ్యలేదు, ఆ అవసరం లేకుండా ఊరే వేసింది. వరసలో పెట్టిన సంచులు ఎవరివి వాళ్ళు వచ్చి పట్టుకుపోయారు. పట్టుకుపోతూ ఖాజాబీ ముఖంలోకి చూడలేదు. ప్రేమమ్మ మాత్రం వరసలో ఉన్న తన సంచి తెచ్చుకోలేదు. తెచ్చుకోకపోగా కూతురితో మాట్లాడ్డం మానేసింది.

నాలుగో రోజున నాగజ్యోతి ధైర్యం చేసి మిల్లుకు పోయింది. తిట్లు తినడానికే పోయింది. తీరా చూస్తే గుమ్మం పక్కన స్టూలు మీద నన్నే సాహెబ్ కూర్చుని ఉన్నాడు. ఒళ్ళో నోటుపుస్తకం. ఖాజాబీ లోపల ఖాళీ మిషను తుడుస్తోంది. వచ్చిన మనిషిని ఒకసారి చూసి, మళ్ళీ తుడవడంలో పడిపోయింది. తిట్టినా బాగుండేదనిపించింది నాగజ్యోతికి.

"కూర్చో అమ్మాయ్" అన్నాడు నన్నే సాహెబ్. "నిన్న పొద్దుటి నుంచి ఇక్కడే ఉన్నా. ఇప్పటికి వచ్చింది ఇద్దరు. ఇద్దరూ హోటళ్ళోళ్ళు."

"రాస్తున్నారా తాతా?"

"చూస్తన్నా. రాసేది తరవాత."

ఆ రోజు నుంచి మూడు రోజులు నాగజ్యోతి ఆయన వెంట తిరిగింది. ఒక చిన్న వార్త కోసం ఒక మనిషి ఇంత తిరుగుతాడా అని ఆశ్చర్యంతో ఆమె నోరు తెరుచుకునే ఉండిపోయింది. నూనె డబ్బా మీద కంపెనీ పేరు రాసుకున్నాడు. ఆ డబ్బా అమ్మిన కొట్టుకు పోయి, ఏ తారీఖున అమ్మాడో అడిగాడు. కారం పట్టించుకున్న ఏడిళ్ళకు పోయి, నూనె పొయ్యమన్నది వాళ్ళో ఖాజాబీయో కనుక్కున్నాడు. ఊరి చివర ఇంకో మిల్లు ఉంది, ఖాజాబీకి పోటీ. అక్కడికీ పోయాడు. ఆ మిల్లాయన అటూ ఇటూ చూసి, "నేనూ పోస్తా సాయిబూ, పొయ్యకపోతే ఎట్టా?" అని ఒప్పుకున్నాడు. తనిఖీ అధికారి ఇంకో పని మీద పొదిలి వస్తే, బస్సు దిగగానే పట్టుకుని, కారంలో నూనె కలపొచ్చా లేదా అని సూటిగా అడిగాడు. తినే నూనె నూటికి రెండు పాళ్ళ దాకా కలపొచ్చని రూల్లోనే ఉందని ఆయన ఫోన్లో తీసి చూపించాడు. నన్నే సాహెబ్ ఆ రూలు నంబరుతో సహా ఎక్కించుకున్నాడు.

నాలుగు లక్షల మందికి చేరిన సంగతిలో ఈ ఒక్క ముక్క ఎవరూ అడగలేదు. నాగజ్యోతి కూడా అడగలేదు.

ఆఖరి రోజున మిల్లు వెనక గదిలోకి వెళ్ళాడు. అక్కడ మూల నాలుగు బస్తాలున్నాయి. ఒకటి విప్పి చూశాడు. రంగు పోయి తెల్లబడ్డ తాలుకాయలు.

"ఇవెవరికి ఖాజాబీ?"

ఖాజాబీ కొంగుతో చేతులు తుడుచుకుంది. "హోటళ్ళకి, అన్నా. మంచికాయ రెండొంతులకి తాలు ఒక వంతు కలిపి పడతా. వాళ్ళే తెచ్చిస్తారు, వాళ్ళకి తెలుసు."

"తినేవాళ్ళకి?"

ఆమె వంగి బస్తా మూతి కట్టింది. ఆయన రాసుకున్నాడు. రాసుకోవడం చూసి ఖాజాబీ పుస్తకానికి చెయ్యి అడ్డం పెట్టింది.

"అది కూడా రాస్తావా అన్నా? ఊరంతా నన్ను తొక్కేశాక, నువ్వు కూడానా?"

"అబద్ధమా?"

"అబద్ధం కాదు. కానీ ఇప్పుడా?"

"ఇప్పుడు రాయకపోతే మిగతాది ఎవరు నమ్ముతారు? నువ్వూ నేనూ ఒకే మతం గనక, వాళ్ళోళ్ళకి వాళ్ళు రాసుకున్నారులే అంటారు."

ఖాజాబీ బస్తా మీద కూలబడి ఏడ్చింది. నన్నే సాహెబ్ ఓదార్చలేదు, తన పుస్తకంలో గీత కూడా కొట్టలేదు. నాగజ్యోతికి ఆ క్షణంలో ఆయన మీద ఒళ్ళు మండింది. ఇంత రాతిగుండె మనిషా అనుకుంది.

అప్పుడే గుమ్మంలో సంచి దించిన చప్పుడైంది. అరవై దాటిన మనిషి, ఎండకు కమిలిన ముఖం. పేరు కోటిరత్నం, పక్క పల్లె నుంచి ఆటోలో వచ్చింది. "మిల్లు ఆడతందా లేదా? సాయిబన్న నాలుగు రోజులుగా ఇక్కడే కూర్చున్నాడంటే ఆడుతుందనే అనుకున్నా" అంది గట్టిగా. ఆ నాలుగైదు రోజుల్లో పచ్చడి కారానికి వచ్చిన మొదటి సంచి అదే. ఖాజాబీ కళ్ళు తుడుచుకుని లేచి స్విచ్ వేసింది. నన్నే సాహెబ్ కోటిరత్నాన్ని చూసి లేచి నిలబడ్డాడు. ఆమె కూర్చునేదాకా కూర్చోలేదు. తరవాత బయటకు పోయి టీ చెప్పాడు.

"ఆయన నీకు చుట్టమా పెద్దమ్మా?" అని అడిగింది నాగజ్యోతి.

"చుట్టమా!" కోటిరత్నం నవ్వింది. "నా కొంప మీద నిప్పులు పోసిన మనిషి."

మిషను మోతలోనే ఆమె చెప్పింది. దాదాపు ముప్పై ఏళ్ళ కిందటి మాట. పత్తికి పురుగు ఆగక రైతులు రోజు మార్చి రోజు మందు కొట్టే కాలం. కోటిరత్నం మొగుడు ఆదెయ్య పొద్దున చేలోకి పోయి, మధ్యాహ్నానికి నురగలు కక్కుతూ గట్టు మీద పడిపోయాడు. ఆసుపత్రికి చేరేలోపే పోయాడు. స్టేషను నుంచి ఎవరో చెప్పిన ముక్క పట్టుకుని నన్నే సాహెబ్ రాసేశాడు, కుటుంబ కలహాలతో పురుగుమందు తాగి రైతు ఆత్మహత్య అని. పేపర్లలో ఇప్పటికీ వస్తుందిగా ఆ మాట, ఏమీ తెలియనప్పుడు రాసే మాట.

"నాకు చదువు రాదు. నా గురించి రాశారని నాకు పదకొండో రోజున తెలిసింది. దినం నాడు మా ఆడబిడ్డ నా జుట్టు పట్టుకుని, మొగుణ్ణి మాటలతో చంపావంటగా అని అడిగింది. అప్పుడు ఆయన పంపు నెత్తిన పెట్టుకుని నడుచుకుంటా పొదిలి వచ్చా. ఈ సాయిబన్న కొట్లో పడేశా. చూడయ్యా అన్నా."

"ఏముంది పంపులో?"

"వీపుకి ఆనుకునే పక్క పగిలి ఉంది. మందంతా వీపు మీదే కారింది. ఆదెయ్య మందు తాగలా, మందే ఆదెయ్యని తాగింది. పంపులు బాగుచేసే మనిషి, పంపు చూడకుండా రాశాడు." కోటిరత్నం కొంగుతో ముఖం తుడుచుకుంది. "నేను తిట్టలేదు. ఒక్కటే అన్నా. రాసింది నా గురించి, ఒకసారి వచ్చి నాకు చదివి వినిపించి ఉంటే కాదని చెప్పేదాన్ని గదయ్యా అన్నా. అంతే. ఆ పంపు పక్కన కూలబడి చిన్నపిల్లాడిలా ఏడిశాడు."

తప్పు రాశానని తన పేరుతో మళ్ళీ రాశాడట. పేపరువాళ్ళు వెయ్యం పొమ్మన్నారు, పాత వార్త ఎవరికి గుర్తుంటుందన్నారు. ఆయన ప్రతి సోమవారం కొట్టు మూసేసి ఒంగోలు బస్సెక్కాడు. ఎనిమిది నెలలు. చివరికి విసిగిపోయి వేశారు. ఆ రోజు పేపరు పట్టుకుని కోటిరత్నం ఊరికి పోయి, రచ్చ దగ్గర ఆడబిడ్డ ఎదురుగా నిలబడి పైకి చదివాడు.

"అప్పట్నుంచీ ఎవరి వార్త వాళ్ళకి వినిపిస్తాడు. జనం నవ్వుతారంటగా" అంది కోటిరత్నం.

నవ్వినవాళ్ళలో మొదటిది ఆమె పక్కనే కూర్చుని ఉంది. నాగజ్యోతి తల తిప్పుకుంది. గ్లాసులు పట్టుకుని రోడ్డు దాటి వస్తున్న ఆ బక్కపలచని మనిషిని చూసింది. ఈ ఊళ్ళోనే పుట్టి పెరిగింది, రోజూ ఆ కొట్టు ముందు నుంచే పోతుంది, అయినా ఆయన్ని ఇవాళే మొదటిసారి చూసినట్టుంది. కాళ్ళకు దణ్ణం పెట్టాలనిపించింది గానీ, సిగ్గేసి టీ గ్లాసు అందుకుంది.

ఆ సాయంత్రం నన్నే సాహెబ్ ఖాజాబీకి మొత్తం చదివి వినిపించాడు. తాలు సంగతి వచ్చినప్పుడు ఆమె కళ్ళు మూసుకుంది, కాదని మాత్రం అనలేదు. త్రినాథ్‌కి ఫోన్ చేసి చదవడం మొదలెట్టాడు. మధ్యలో ఫోను కట్టయింది. "ఛానల్ బాధ్యులు సగం విని ఫోన్ పెట్టేశారు" అని ఒక వాక్యం చేర్చుకున్నాడు. మర్నాడు పొద్దున్నే ప్రేమమ్మ ఇంటికొచ్చి వరండాలో కూర్చున్నాడు.

"అమ్మాయ్, ఇందులో నువ్వున్నావు. విను."

ప్రేమమ్మ తలుపు పక్కన నిలబడింది. ఆయన చదివాడు. వీడియో తీసింది నాగజ్యోతి అని, ఖాజాబీ చెప్పిన మాటలు ఒంగోలు డెస్కులో తీసేశారని ఉంది. అక్కడ ఆపి, "అబద్ధం ఏదైనా ఉందా?" అన్నాడు.

ఉంది. ఆ అబద్ధం ఆమెకు అనుకూలంగా ఉంది. ఊరుకుంటే పోయేది. ఉద్యోగం ఉంటుంది, పాపమంతా త్రినాథ్ ఖాతాలోకి పోతుంది. ఆయన గ్రీజు వేళ్ళ మధ్య పెన్ను పట్టుకుని ఎదురుచూస్తున్నాడు. ఆ చూపులో అనుమానం లేదు, అదే ఆమెను పడగొట్టింది.

"డెస్కులో కాదు తాతా. ఆమె మాటలు కోసేసింది నేనే. సైరన్ వాళ్ళది. కోత నాది."

నన్నే సాహెబ్ మెచ్చుకోలేదు. డెస్కు అన్న మాట కొట్టేసి, నాగజ్యోతి అని రాసుకుని, తిరిగి చదివి వినిపించాడు. "ఇది పడితే నీ పని పోతుంది" అన్నాడు. ఆమె తల ఊపింది. ప్రేమమ్మ లోపలికి పోయి, మూడు గ్లాసుల్లో మజ్జిగ తెచ్చింది.

వార్త ఆదివారం వచ్చింది. నాగజ్యోతి పేపరు విప్పింది. ఏడో పేజీలో, కింద, చిన్న డబ్బాలో. నూనె ఉంది, రూలు నంబరు ఉంది, పోటీ మిల్లు ఉంది. తాలు లేదు. ఛానల్ ఫోన్ పెట్టేసిన సంగతి లేదు. కోసింది తనేనన్న వాక్యమూ లేదు. ఆమె మొదట చేసిన పని ఏమిటంటే, ఊపిరి పీల్చుకుంది. నిజం చెప్పుకోవాలి గదా, హాయిగా పీల్చుకుంది.

ఆ హాయి ఒక పూటే. ఆ రోజంతా మిల్లుకు ఒక్క సంచీ రాలేదు. టీ కొట్టు దగ్గర ఒకాయన పేపరు మడిచి, "సాయిబు సాయిబుకి రాసుకున్నాడు, అంతా శుభ్రమేనంట, ఒక్క తప్పు కూడా లేదంట" అని పకపకా నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు.

సోమవారం పొద్దున నన్నే సాహెబ్ కొట్టు మూసి బస్టాండుకు బయల్దేరాడు. ఏడో పేజీ మడిచి జేబులో పెట్టుకున్నాడు. నాగజ్యోతి ఆయన వెంట నడిచింది. బస్సు దగ్గర ఖాజాబీ నిలబడి ఉంది, ఉతికిన చీర కట్టుకుని, ఒక గుడ్డసంచి పట్టుకుని.

"నువ్వెందుకమ్మా?" అన్నాడు నన్నే సాహెబ్.

"నా తప్పు ఎవరు మింగేశారో అడగొద్దా అన్నా?" అంది ఖాజాబీ.

ఒంగోలు ఆఫీసులో సబ్ ఎడిటరు పేరు కోటేష్. ముప్పై అయిదేళ్ళుంటాయి, రెండు కంప్యూటర్ల మధ్య ఊపిరాడకుండా ఉన్నాడు. ఖాజాబీని చూసి, థాంక్స్ చెప్పడానికి వచ్చిందనుకుని చిరునవ్వు నవ్వాడు.

"స్థలం చాల్లేదమ్మా. పైగా ఆ తాలు గొడవ మీకు ఇబ్బందని నేనే తీసేశాను. మీ మంచికే."

ఖాజాబీ గుడ్డసంచిలోంచి గుప్పెడు తాలుకాయలు తీసి ఆయన బల్ల మీద పోసింది. "ఇవయ్యా అవి. నేనే కలుపుతా. హోటళ్ళకి. మొన్న ఏడిశా, రాయొద్దని అన్నను బతిమాలా. నిన్న పొద్దుగూకులూ ఖాళీ మిల్లులో కూర్చున్నాక తెలిసింది. ఒక్క మచ్చ కూడా లేదని రాస్తే ఎవరు నమ్ముతారు? నేను చేసింది కూడా వెయ్యి. ఈ వారం నుంచి ఆ సంచుల మీద తాలు కలిసిందని పెద్దక్షరాలతో రాయిస్తన్నానని, అదీ వెయ్యి."

కోటేష్ కీబోర్డు మీంచి చేతులు తీసి ఆమెకేసి చూశాడు. నన్నే సాహెబ్ కూడా కళ్ళజోడు తీసి ఆమెకేసి చూస్తూ ఉండిపోయాడు. ముప్పై ఏళ్ళుగా ఊరందరి చేతా నిజం ఒప్పించిన మనిషి, తన తప్పు వెయ్యమని వెంటపడే మనిషిని ఎప్పుడూ చూసి ఉండడు.

నాగజ్యోతి ఆ తాలుకాయలనే చూస్తూ నిలబడింది. చదువు లేని మనిషి, మునిగిపోతున్న మనిషి, అంత దూరం బస్సులో వచ్చి తన తప్పును తను అడిగి తీసుకుంటోంది. తను మాత్రం నిన్న పొద్దున ఊపిరి పీల్చుకుంది. భూమి చీలి లోపలికి పోతే బాగుండనిపించింది. భూమి చీలలేదు గాబట్టి ముందుకు అడుగేసింది.

"సార్, నాది కూడా వెయ్యండి. ఈమె మాటలు కోసింది నేను."

"మీరెవరు?"

"నాగజ్యోతి. ఆ వీడియో నాదే. ఖాజాబీ అత్త ఆరు నిమిషాలు మాట్లాడింది. నా ఫోన్లో మొత్తం ఉంది, కావాలంటే చూడండి."

కోటేష్ ఒకసారి ఖాజాబీని, ఒకసారి నాగజ్యోతిని చూశాడు. "ఈ కుర్చీలో పదేళ్ళుగా ఉన్నానండీ. మా పేరు తీసెయ్యండి అని వచ్చేవాళ్ళే గానీ..." అని ఆగిపోయాడు. ఆరు నిమిషాలూ ఆ బల్ల దగ్గరే చూశాడు. పక్క బల్లలవాళ్ళు కూడా లేచి వచ్చి వెనక నిలబడ్డారు. ఎవరో ఫ్యాన్ ఆపారు, మాట సరిగ్గా వినపడాలని. అయిపోయాక ఆయన నన్నే సాహెబ్ వైపు తిరిగి, "మొత్తం మళ్ళీ పంపండి సార్. ఒక్క అక్షరం తియ్యను" అన్నాడు.

బుధవారం మూడో పేజీలో పైన వచ్చింది. తొమ్మిదింటికల్లా త్రినాథ్ నాగజ్యోతిని వాట్సాప్ గ్రూపులోంచి తీసేశాడు. మైకు మీది ఎర్ర బొమ్మ పార్సిల్ చెయ్యమని ఒక మెసేజ్ పెట్టాడు. ఆ వీడియో మాత్రం తియ్యలేదు, ఇప్పటికీ అట్లాగే ఉంది.

నాగజ్యోతి, తల్లి ఇచ్చిన ఇంకో సంచి తీసుకుని మిల్లుకు పోయింది. పదింటిదాకా ఎవరూ రాలేదు. ఖాజాబీ గుమ్మంలో నిలబడి రోడ్డు చూస్తోంది. పదిన్నరకు ఒకామె వచ్చింది. వరసలోంచి అందరికంటే ముందు సంచి పట్టుకుపోయినామె. సంచి కింద పెట్టలేదు, చంకలోనే పెట్టుకుని నిలబడింది.

"ఏం ఖాజాబీ, తాలు కలుపుతావంటగా?"

"కలుపుతా. హోటళ్ళకి. అదుగో, సంచుల మీద రాయించా."

"నాకు కలిపావా ఎప్పుడైనా?"

"లేదు."

ఆమె ఖాజాబీ ముఖంలోకి చాలాసేపు చూసింది. మొన్న సంచి పట్టుకుపోయేటప్పుడు చూడని చూపు అది. తరవాత సంచి దించి, మూతి విప్పింది.

"అది ఒప్పుకున్నదానివి, ఇది దాస్తావా? పట్టు. నూనె మునుపటంతే పొయ్యి."

ఖాజాబీ రెండు చేతులా సంచి ఎత్తి పట్టుకుని స్విచ్ వైపు చూసింది. నాగజ్యోతి లేచి వేసింది.